దారంతో కోసిన గుడ్డు

ఫిన్లాండులో బడిపిల్లలు మధ్యాహ్నం ఏం తింటారో అడగండి, చెబుతాను. స్వీడన్‌లో బిడ్డ పుడితే తల్లీ తండ్రీ ఎలా సెలవు పంచుకుంటారో చెబుతాను. ఈ దేశాల్లో ఒక్కదాన్నీ నేను కళ్లతో చూడలేదు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ధనిక దేశాల్లో పేద పిల్లలు ఉంటారా, ఉంటే వాళ్ల ప్రభుత్వాలు ఏపాటి చేస్తున్నాయి అని ఒక చిన్న పుస్తకం రాయడానికి పూనుకున్నాను. మా వంటింటి పక్క టేబుల్ దగ్గర కూర్చుని పన్నెండు దేశాలు తిరిగేశాను. కాళ్లు నొప్పెట్టలేదు, పైసా ఖర్చు కాలేదు.

తీరా నిజంగా బయల్దేరి వెళ్లింది మాత్రం కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట. నాలుగు రోజులు. అటువైపు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. దాన్ని వదిలేసి రాస్తే చెప్పడానికి ఇడ్లీలూ బస్సులూ తప్ప ఏమీ మిగలవు. మనుషుల పేర్లు మార్చాను, ఆ కేంద్రం ఏ వీధిలో ఉందో చెప్పను.

ఈ ప్రయాణానికి కారణం పద్మ. ఒకప్పుడు నా క్లాసులో రెండో బెంచీ. పెళ్లయ్యాక కోదాడలో ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. రాతప్రతి పంపిస్తే చదివి ఫోన్ చేసింది.

"చాలా బాగుంది మేడం. కానీ నూటపది పేజీల్లో ఒక్క పిల్ల పేరు కూడా లేదేంటండీ?"

ఒళ్లు మండింది. అది కథల పుస్తకం కాదని చెప్పి ఫోన్ పెట్టేశాను. రెండు రోజులు మొక్కలకి నీళ్లు పోస్తూ ఆ మాటే నమిలాను. మూడో రోజు బ్యాగు సర్దుకున్నాను.

కోదాడ

విజయవాడలో బస్సెక్కితే కోదాడ ఎంతో దూరం కాదు. సరిహద్దు దాటామని బోర్డు చూస్తే తెలిసింది గానీ పొలాలు చూస్తే తెలియలేదు. నవంబరు చివర. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి, డ్రైవరు వాటి అంచు తాకకుండా బస్సు నడిపించడం చూస్తే ముచ్చటేసింది. మా వైపు అంత ఓపిక ఉండదు.

పద్మ స్కూటీ మీద వచ్చి నన్ను టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్లింది. మూడు ఇడ్లీలు ముప్పై రూపాయలు. చట్నీ రెండోసారి అడిగితే గిన్నె తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయాడు. హోటలాయన నాతో "ఇంకేం కావాలండీ" అంటాడు, పక్క టేబుల్ వాళ్లతో "ఇంకేం గావాలె" అంటాడు. ఎవరు ఎటునుంచి వచ్చారో చీరకట్టు చూసి చెప్పేస్తాడట. నేను నోరు విప్పకముందే కాఫీ తెచ్చాడు, పక్కవాళ్లకి టీ పెట్టాడు.

సాయంత్రం పద్మ వాళ్ల మేడ మీద రాతప్రతి ముందేసుకుని కూర్చున్నాం. నా పట్టికలంటే నాకు మహా గర్వం. ఏ దేశం పిల్లల మీద ఎంత పెడుతోంది, పెట్టాక పేద పిల్లలు ఎంత తగ్గారు అని వరసగా మార్కుల జాబితాలా వేశాను. ఉత్తర ఐరోపా దేశాలు ముందు బెంచీ. అంత డబ్బున్న అమెరికా వెనక బెంచీ. కరోనా వచ్చిన రోజుల్లో కొన్ని నెలలపాటు అక్కడ పిల్లలున్న ఇళ్లలో చాలావాటికి నెలనెలా డబ్బు వేశారు. పేద పిల్లల సంఖ్య గబుక్కున పడిపోయింది. తర్వాత ఆపేశారు. మళ్లీ పెరిగింది.

"అంటే చేతగాక కాదన్నమాట," అంది పద్మ.

ముప్పై ఏళ్ల పాఠంలో నేను చెప్పలేనిది ఈ పిల్ల మూడు మాటల్లో చెప్పింది. మార్జిన్‌లో రాసుకున్నాను. చేతనవుతుందని ఒకసారి తేలిపోయాక ఆశ వదులుకోవడానికి కుదరదు. నా పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి అదే.

"ఇవన్నీ సరే మేడం. రేపు మిర్యాలగూడ వెళ్లండి. నాగమణి అని, ఇదివరకు మా కింద వాటాలో అద్దెకుండేది. అక్కడ అంగన్‌వాడీ టీచరు. ఒక్క పూట కూర్చుని చూడండి," అంది.

జీరో టికెట్

శనివారం పొద్దున హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బస్సులో ముప్పావు వంతు ఆడవాళ్లే. కండక్టరు వరసగా కార్డులు చూసి సున్నా కొట్టిన టికెట్లు చింపి ఇస్తున్నాడు. నేనూ ధీమాగా ఆధార్ కార్డు చాపాను.

"ఆంధ్ర కార్డుకు నడవదమ్మా. తొంభై ఇయ్యున్రి."

బస్సంతా నా వైపు తిరిగింది. మా రాష్ట్రంలోనూ ఆడవాళ్లకి ఉచిత బస్సు ఉంది, అక్కడికి వీళ్లొస్తే వీళ్లూ కొనాల్సిందే. అది నాకు తెలుసు. తెలిసినా ముఖం ఎర్రబడింది. డబ్బు గురించి కాదు, అందరి చేతుల్లోనూ ఉన్నది నా చేతిలో లేకపోవడం గురించి.

పక్క సీట్లో పెద్దావిడ నాకోసం వకాల్తా పుచ్చుకుంది. "గామెకు గూడ జీరో కొట్టరాదయ్యా, ముసలామె."

"నా నౌకరి నువ్వు చేస్తవా అవ్వా?" అన్నాడు కండక్టరు.

ముసలామె అన్నందుకు నేను నొచ్చుకున్నానని గ్రహించి కాబోలు, ఆవిడ కొంగులో ఉన్న ఉడకబెట్టిన పల్లీలు సగం నా ఒళ్లో పోసింది. హుజూర్‌నగర్ దాకా తింటూ ఆవిడ కోడలి సంగతులు విన్నాను. తొంభై రూపాయలకి అది చవకే.

మిర్యాలగూడ

ఊరు ఇంకా రాకముందే వాసన వచ్చింది, వడ్లు ఉడికిన వాసన. మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ట్రాలీల కింద నీడలో రైతులు పడుకుని ఉన్నారు. గాలిలో నల్లటి ఊకబూడిద. లేతరంగు చీర కట్టుకోవద్దని పద్మ చెప్పింది, నేను వినలేదు. ఆటో దిగేసరికి నా తెల్లచీర మీద మిరియాల పొడి చల్లినట్టయింది.

నాగమణికి నలభై ఏళ్లుంటాయి. మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ, చేతిలో రెండు ఫోన్లు. ఒకటి తనది, ఒకటి పనిది. ఒకే గది, పక్కన వంటకి చిన్న రేకుల పాక. ఆయా సైదమ్మ పాకలో ఉంది. ముప్పై మంది పిల్లలు రెండు వరసల్లో కూర్చుని నాకు నమస్కారం పెట్టారు. అందులో కొందరు "నమస్తే జీ" అన్నారు.

"మిల్లుల పనిచేసేటోళ్ల పిల్లలు మేడం. బీహారోళ్లు. ఆరు నెలలల్ల తెలుగు నేర్చుకుంటరు, ఏడో నెల పోతరు," అంది నాగమణి.

ముందు వరసలో ఓ పిల్ల, నాలుగేళ్లుంటాయి, జుట్టుకి రెండు పిలకలు, రెండింటికీ వేరు వేరు రంగుల రబ్బరు బ్యాండ్లు. పేరు మునియా. నా చీర మీద బూడిద ఒక్కొక్క రేణువూ వేలితో తుడిచే పని పెట్టుకుంది. ఎంత చెప్పినా ఆపలేదు.

భోజనాలు వచ్చాయి. వేడి అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు. ఫిన్లాండులో కూడా ఇలాగే పిల్లలందరికీ వేడి భోజనం పెడతారు. కలవాళ్ల పిల్లకైనా, బస్సు నడిపేవాడి పిల్లకైనా అదే పళ్లెం. ఎవరు ఎవరో అడగరు. అది తలుచుకుంటూ మురిసిపోతున్నదాన్ని మునియా పళ్లెం వైపు చూసి ఆగిపోయాను. అందులో సగం గుడ్డే ఉంది. పక్క పళ్లెంలోనూ సగమే. వరస చివరిదాకా చూశాను. అన్నిట్లోనూ సగమే.

ఒక్కో పిల్లకి ఒక్కో గుడ్డు రావాలని నాకు తెలుసు. మిగతా సగాలు ఎటు పోతున్నాయి? పాక వైపు చూశాను. సైదమ్మ వీపు మాత్రం కనిపించింది. నా మనసులో ఒక మాట మెదిలింది. దాన్ని ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది గానీ రాయక తప్పదు. తినేస్తున్నారు, అనుకున్నాను.

ఎర్ర పెన్ను

ఇలాంటి కేంద్రాల్లో సందర్శకుల పుస్తకం అని ఒకటుంటుంది. వచ్చినవాళ్లు ఏం చూశారో రాసి సంతకం పెడతారు. నాగమణి ఎంతో మర్యాదగా దాన్ని తెచ్చి నా ముందు తెరిచింది. నా బ్యాగులో పెన్నులన్నీ ఎర్రవే, పేపర్లు దిద్దిన అలవాటు. అడిగి రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి ముందు పట్టుకుంటాం గానీ ఎందుకు కొట్టావు నాయనా అని అడగం కదా, అదే బుద్ధి.

"గది శుభ్రంగా ఉంది. భోజనం వేడిగా ఉంది. కాని పిల్లలకు గుడ్డు సగమే పెడుతున్నారు. అధికారులు గమనించాలి." కింద పేరు, విశ్రాంత అర్థశాస్త్ర ఉపన్యాసకురాలు, తేదీ.

రాజమండ్రి నుంచి పెద్ద మేడం వచ్చి రాసిందన్న సంతోషంలో నాగమణి చదవకుండానే ఫోటో తీసింది. ఏ రోజు ఎవరొచ్చినా ఆ పేజీ ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టాలట. పెట్టేసింది. ఆ తర్వాత చదివింది. మనిషి ముఖంలోంచి రక్తం దిగిపోవడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

పాకలోంచి సైదమ్మ వచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి. నాగమణి ముఖం చూసి, పుస్తకం చూసి, ఏం రాసిందని అడిగింది. నాగమణి నెమ్మదిగా చదివి వినిపించింది.

"ఇటు రాండ్రి మేడం," అంది సైదమ్మ నాతో.

పాకలోకి తీసుకెళ్లి గూట్లోంచి తెల్ల దారం రీలు తీసింది. ఆ రోజు ఒక పిల్ల రాకపోవడంతో గిన్నెలో మిగిలిన ఒక గుడ్డుకి నడుం చుట్టూ దారం చుట్టి రెండు కొసలూ లాగింది. పచ్చసొన పిసరు కూడా రాలకుండా గుడ్డు రెండయింది.

"కత్తితోని కోస్తే పచ్చది అంటుకపోతది. రిజిస్టర్ల పేర్లున్న పిల్లలు పదహారు. గుడ్లు పదహారే వొస్తయి. వొచ్చే పిల్లలు ముప్పై ఒక్కరు. పేరు లేదని గా పిల్లల ముందల ఒట్టి పప్పు పెట్టమంటరా? నా చెయ్యి రాలే."

"పదహారు గుడ్లకి ముప్పై రెండు సగాలు కదా. మరి ఆ మిగిలే సగం?" అన్నాను.

"ఆ దినం ఎవరు ఏడిస్తే ఆళ్లకు."

పేర్లున్న పిల్లల తల్లుల్ని సైదమ్మ ఇంటింటికీ తిరిగి అడిగిందట. మీ పిల్ల గుడ్డులో సగం ఇంకో పిల్లకి పెడతాను, సరేనా అని. పదిహేను మంది సరేనన్నారు. ఒకావిడ మాత్రం గొడవ పెట్టుకుంది. ఆవిడ బట్టలు కుట్టే లక్ష్మి. వారం రోజులు వీళ్లతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తన పిల్లని తీసుకెళ్లడానికి వచ్చి, భోజనాలు అయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. మర్నాడు ఈ దారం రీలు తెచ్చి ఇచ్చింది.

నేను రాసింది కొట్టేస్తానన్నాను. నంబర్లు వేసిన పేజీలు, కొట్టేస్తే ఇంకా అనుమానమంది నాగమణి. ఫోటో ఎలాగూ వెళ్లిపోయింది. ఇప్పుడు ఏమవుతుందని అడిగితే అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"మెమో ఒస్తది మేడం. నౌకరి ఉంటదో పోతదో తెల్వదు. ఉన్నా గానీ, సోమవారం సంది పేరున్నోళ్లకే గుడ్డు పెట్టమంటరు. గా పదిహేను మందిని ఇంటికి పంపాలె."

మునియా అప్పుడే పళ్లెం కడుక్కొచ్చి నా చీర దగ్గర మళ్లీ పని మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు.

సూర్యాపేట

నాగమణి కేంద్రాన్ని చూసే సూపర్‌వైజరు సునీత సూర్యాపేటలో ఉంటుంది, రోజూ అక్కణ్ణించి వచ్చి వెళుతుంది. ఆదివారం పొద్దునే వెళ్లాను. ఈసారి బస్సులో అడక్కుండానే డబ్బు ఇచ్చాను. కొత్త బస్టాండు దగ్గర ఆటోవాడు అరవై అడిగాడు, నేను బేరమాడలేదు. నాగమణి ఇచ్చిన చిరునామా పట్టుకుని మూడు సందులు తప్పిపోయాను, మోకాలు ఎదురు తిరిగింది, చివరికి ఒక పాలబ్బాయి బండిమీద దింపాడు.

సునీత పొయ్యి ముందు ఉంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తోంది. సర్వపిండి అంటారు దాన్ని. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టింది.

"ఎర్ర పెన్ను మేడమా? కూసోండ్రి."

ఒక ముక్క పెట్టింది. కారం నషాళానికంటింది. నీళ్లు తాగి, జరిగిందంతా చెప్పాను, దారం దగ్గర్నుంచి. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"ఏడాది సంది తెల్వదా మేడం నాకు? దారం గూడ చూసిన. రాయలే. రాస్తే నేను అడగాలె. అడిగితే ఆమె చెప్పాలె. చెప్తే నేను ఆపాలె. అందుకే చూడనట్టు ఒచ్చిన. ఇప్పుడు మీరు రాసిన్రు. రాత్రే పైనుంచి ఫోన్ ఒచ్చింది, సంజాయిషీ తీసుకోమని."

"ఆ పిల్లల పేర్లు రాయడానికి వీల్లేదా? వాళ్లు ఈ రాష్ట్రం వాళ్లు కాదనా?"

"ఎందుకు లేదు? కేంద్రం పరిధిల ఉండే ఏ పిల్లనైనా రాయొచ్చు. తల్లి కార్డు ఏ రాష్ట్రందైనా నడుస్తది."

నేను తెల్లబోయాను. "మరి?"

సునీత పొయ్యి తగ్గించింది. "పండక్కి ఊరికి పోతరు మేడం. నెల దినాలు రారు. హాజరు పడిపోతది. ఎందుకు పడిందని నన్ను అడుగుతరు, నేను నాగమణిని అడుగుత. గా పరేషాన్ ఎందుకని ఆమె రాయలే, నేను రాయమనలే. ఎవరం చెడ్డోళ్లం కాదు. గట్ల అయిపోయింది."

నా పట్టికలు గుర్తొచ్చాయి. నా పుస్తకంలో కొన్ని దేశాలు వెనకబడింది డబ్బు లేక కాదు. బ్రిటన్‌లో కొన్నేళ్లపాటు మూడో బిడ్డ పుడితే ఆ బిడ్డని పేద కుటుంబాలకిచ్చే సాయంలో లెక్కలోకి తీసుకోలేదు, ఆ బిడ్డకి ఆకలి వేయదన్నట్టు. ఇల్లు మారేవాళ్లు, కాగితం సరిగ్గా లేనివాళ్లు, ఫారం నింపడం రానివాళ్లు ఎంత ఉదారంగా ఇచ్చే చోటైనా జారిపోతూనే ఉంటారు. ఎంత ఇస్తున్నారన్నది మాత్రం నేను కొలిచాను. ఎవరి పేరు రాస్తున్నారన్నది కొలవలేదు. పద్మ అడిగింది ఇదేనేమో, పద్మకి కూడా తెలియకుండా.

"తప్పు నాది. నేనేం చేయాలో చెప్పండి," అన్నాను.

సునీత ఇంకో ముక్క నా పళ్లెంలో వేసింది, నేను వద్దంటున్నా.

"మెమో ఇస్త. ఇయ్యక తప్పదు. మెమోకు జవాబు ఉండాలె కదా? పిల్లలు ఎక్కువ, పేర్లు తక్కువ, గందుకే సగం అయింది, పేర్లు ఇగో ఇవి అని పదిహేను పేర్లు జత చేస్తే ఎవరేం అంటరు? మీరు రాయకపోతే ఇంకో ఏడాది గిట్లనే నడుస్తుండె. రేపు నాతోని రాండ్రి. వాళ్లతోని మాట్లాడాలె. హిందీ ఒస్తదా?"

దూరదర్శన్ చూసి నేర్చుకున్న హిందీ వస్తుందన్నాను.

మళ్లీ మిర్యాలగూడ

సోమవారం మిల్లు వెనక వరస గదులకి నలుగురం వెళ్లాం. ఒక్కో గది ముందు ఒక్కో కట్టెల పొయ్యి, తీగల మీద ఆరేసిన బట్టలన్నీ బూడిద రంగే. నా హిందీ మొదటి వాక్యానికే చేతులెత్తేసింది. వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతుంటే ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. సునీత అందుకుంది. సూర్యాపేట బజార్లో నేర్చుకున్న ఉర్దూ ఆమెది, గడగడా సాగిపోయింది.

మునియా తల్లి మాత్రం నవ్వలేదు. "నామ్ లిఖేంగే తో వాపస్ భేజేంగే క్యా?" అని అడిగింది. పేరు రాస్తే వెనక్కి పంపించేస్తారా అని. ఎక్కడైనా ఎవరైనా వాళ్ల పేరు రాసుకున్నారంటే తరవాత ఏదో చెడే జరిగిందట.

సునీత ఏదో చెప్పబోతుంటే సైదమ్మ ముందుకొచ్చింది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. రెండు చేతులతో గుడ్డు ఆకారం చూపించి, మధ్యలో దారం లాగినట్టు లాగి, తల అడ్డంగా ఊపింది. తర్వాత మళ్లీ గుడ్డు ఆకారం చూపించి, మునియా చేతుల్లో పెట్టినట్టు పెట్టి, ఆ చిన్న చేతుల్ని తన చేతులతో మూసింది. మునియా తల్లి కాసేపు అలాగే చూసి లోపలికెళ్లింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కార్డు తెచ్చి నాగమణికి ఇచ్చింది.

మధ్యాహ్నానికి పద్నాలుగు పేర్లు ఎక్కాయి. పదిహేనో పిల్లవాడి తల్లి కార్డు ఊళ్లో వాళ్లన్న దగ్గరుండిపోయింది. "పేరు రాయి, కార్డు తర్వాత," అంది సునీత. అంతదాకా చూడనట్టు ఊరుకున్న మనిషి ఒక్కసారి చూడ్డం మొదలుపెడితే అడ్డులేదని అర్థమైంది.

కేంద్రానికి తిరిగొచ్చాక సందర్శకుల పుస్తకం మళ్లీ అడిగాను. ఈసారి నాగమణి దగ్గర నీలం పెన్ను తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. నిన్నమొన్నటి సంగతికి ఫర్వాలేదు అని కూడా ఆమె అనలేదు, అనకపోవడమే న్యాయం.

"ఎర్రదాంతోనే రాయున్రి మేడం. ఎర్రగుంటెనే చదువుతరు."

రాశాను. "శనివారం నేను అడగకుండా తొందరపడి రాశాను. పేర్లున్న పిల్లల తల్లులు ఒప్పుకుని తమ పిల్లల గుడ్డులో సగం పేర్లు లేని పిల్లలకు ఇస్తున్నారు. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. ఈ కేంద్రానికి ఇంకా పదిహేను గుడ్లు కావాలి." సంతకం కింద ఈసారి ఉపన్యాసకురాలు అని రాయలేదు. నాగమణి ముందు చదివింది. ఆ తర్వాత ఫోటో తీసింది.

"గుడ్లు మాత్రం వొచ్చే నెల లోడుకే," అంది సునీత బండెక్కుతూ. "అందాకా దారమే."

ఇంటికొచ్చాక

తెల్లచీర మూడుసార్లు ఉతికాను, పోలేదు. పుస్తకంలో పట్టికలు అలాగే ఉంచాను, అవి అబద్ధాలు కావు. వాటికి ఒక గడి చేర్చాను. ఏ దేశంలో ఏ పిల్లల పేరు రాయరు, ఎందుకు రాయరు అని. ఆ గడి నింపడం ఇంకా పూర్తి కాలేదు, పుస్తకం ఆలస్యమవుతోంది. మొదటి పేజీలో ఒక పిల్ల పేరుంది. చదివి పద్మ ఒక నమస్కారం బొమ్మ పంపింది.

మెమో వచ్చింది. జవాబు వెళ్లింది. నాగమణి ఉద్యోగం ఉంది. ఈ మూడు ముక్కలూ సునీత వరసగా మూడు మెసేజీలుగా పెట్టింది, మధ్యలో పది రోజుల చొప్పున నా నిద్ర చెడగొడుతూ.

మొన్న మధ్యాహ్నం నాగమణి ఫోన్ చేసింది.

"లోడ్ ఒచ్చింది మేడం. ఈ దినం అందరికీ నిండు గుడ్డు పెట్టినం."

"తిన్నారా?"

"యాడ తింటరు? ఒక్కరు గూడ ముట్టలే. పళ్లెం ముంగట పెట్టుకుని సైదమ్మ దిక్కే సూస్తున్నరు. ఏమైందిరా అంటే మునియా లేసి, ధాగా అంటది."

"దారమా?"

"అవ్ మేడం. దారం ఏది అని. కోయకుండ తినొచ్చని ఆళ్లకు తెల్వదు. సైదమ్మ ఒక్కొక్కరి దగ్గర కూసొని, మొత్తం నీదే బిడ్డా, మొత్తం నీదే అని చెప్పంగ చెప్పంగ తిన్నరు."

అటువైపు పిల్లల గోల వినిపిస్తోంది. ఎవరో తెలుగులో ఎవరినో తిడుతున్నారు, బీహారీ యాసలో.

"పని అయిపోయింది కదా అని సైదమ్మ ఇంతకుముందే దారం రీలు లక్ష్మికి వాపస్ ఇయ్యబోయింది మేడం."

"తీసుకుందా?"

"లే. మిల్లుల సీజన్ ఇంకా ఉంది, కొత్తోళ్లు దిగుతనే ఉంటరు, ఆళ్ల పేర్లు ఎక్కేదాక ఉంచుకోమన్నది. గూట్లనే పెట్టినం."